మైదానంలో చోటు దొరకని పిల్లలు

రామన్నపేట, చుట్టుపక్కల ఊళ్ల ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ప్రైవేటు స్కూళ్ల కరస్పాండెంట్లకు, వ్యాయామ ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ





“పిల్లలు ఫోన్ల పడి ఖరాబైతున్రు. బళ్లె ఉన్నంతసేపు మేం చూస్తం. ఇంటికి పోయినంక మీరే చూసుకోవాలె.” తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడల్లా మీలో చాలామంది చెప్తున్న మాట ఇది. తల్లిదండ్రులకు బాధ్యత ఉంది, నేను కాదనను. కానీ ఆ ఒక్క మాటతో మీ బాధ్యత తీరిపోయినట్టు కుర్చీలోంచి లేవడాన్ని ఒప్పుకోలేను. ఎందుకంటే ఆ పిల్లల్లో చాలామంది ఫోన్ దగ్గరికి పోకముందు ఆట కోసం మీ దగ్గరికే వచ్చారు. మీ మైదానంలో వాళ్లకు చోటు దొరకలేదు.

దసరా సెలవులు అయిపోయి బడి తెరవగానే పదో తరగతికి ఆటల పీరియడ్ పోతుంది. పొద్దున ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒక స్పెషల్ క్లాసు, మధ్యలో మిగిలిన ఆ కాస్త సమయం స్లిప్ టెస్టుకు. సంక్రాంతి దాటితే సిలబస్ కాలేదని తొమ్మిదో తరగతికీ అదే గతి. ప్రైవేటు బడుల్లో అన్యాయం ఇంకా ఎక్కువ. టైంటేబుల్‌లో ‘గేమ్స్’ అని ఉంటుంది. గంట కొట్టగానే లెక్కల సారు సుద్దముక్కతో లోపలికి వస్తారు. కొన్నింటికి మైదానమే లేదు. పైన రేకుల షెడ్డు, కింద బస్సులు నిలిపే జాగా. అడ్మిషన్ల కరపత్రం మీద మాత్రం కబడ్డీ ఆడుతున్న పిల్లల ఫొటో అచ్చేస్తారు.

ఆటల పీరియడ్ మీరు దయతలచి ఇచ్చేదా? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తీసి చూడండి. తరగతి గది, తాగునీరు, మరుగుదొడ్డి ఉన్న వరుసలోనే ఆటస్థలం ఉంది. ప్రతి తరగతికీ కావలసిన ఆట సామగ్రి ఇవ్వాలనీ అందులోనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం అమల్లో ఉంది. తాగునీళ్లు రెండు నెలలు బంద్ పెడతామని మీరు అనగలరా? మరి ఆటను ఎలా బంద్ పెడుతున్నారు?

11 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 146 దేశాల బడిపిల్లల లెక్కలు చూసి 2019లో ఆ సంస్థ నిపుణులు తేల్చిందేమంటే, ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా పిల్లలకు ఆ గంట దొరకడం లేదు. మన దగ్గర ఆ గంట దొరికే అవకాశం ఎక్కడుంది? తల్లి కూలికి పోతే, తండ్రి చౌటుప్పల్ కంపెనీలో షిఫ్టుకో, హైదరాబాదు పనికో పోతే, సాయంత్రం బడి వదిలింది మొదలు చీకటి పడేదాకా పిల్లవాడి వెంట ఉండేది ఇంట్లో మిగిలిన పాత ఫోన్ ఒక్కటే. సిరిపురం లాంటి ఊళ్లో మగ్గం ముందు కూర్చున్న తల్లికి మగ్గం గుంటలోంచి లేచి వచ్చి పిల్లవాడి చేతిలో ఏముందో చూసే తీరిక ఉంటుందా? ఆ గంట ఇవ్వగలిగిన జాగా, బంతి, పెద్దమనిషి మీ దగ్గర ఉన్నాయి. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఇక ఆటల పీరియడ్ ఉన్న రోజు సంగతి చూద్దాం. నాకు అసలు బాధ ఇక్కడే.

వ్యాయామ ఉపాధ్యాయుడు ఇద్దరు బలమైన పిల్లల్ని పిలిచి ‘మీరే టీములు పంచుకోండి’ అంటాడు. వాళ్లు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తుంటారు. మొదట బాగా ఉరికేవాళ్లు, తర్వాత దోస్తులు. చివరికి ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఒకడు లావుగా ఉంటాడు, ఒకడికి నత్తి, ఒకడు ఈ ఏడే వేరే ఊరి నుంచి వచ్చి చేరాడు. అందరూ చూస్తుండగా వాళ్ల మీద బేరం మొదలవుతుంది. “వీడు మాకొద్దు, మీరే తీస్కోర్రి.” “మాకెందుకు, ఓడిపోనీకా?” నేలను చెప్పుతో గీరుతూ నిలబడ్డ ఆ పిల్లవాడి మొహం మీలో ఎంతమంది చూశారు? కబడ్డీ కోర్టులోకి దిగాక వాడికి కూత పెట్టే వంతు రాదు. వచ్చిందంటే పట్టుకున్నవాళ్లు కావాలనే ఇంకాస్త గట్టిగా ఈడుస్తారు. ‘బండోడా’, ‘బక్కోడా’, ‘నత్తోడా’ అని అక్కడ పెట్టిన పేరు తరగతి గదిలోకి, మధ్యాహ్న భోజనం వరుసలోకి, ఇంటికి పోయే దారిలోకి వస్తుంది. రెండో వారం వాడు కడుపు నొస్తుందంటాడు. మూడో వారం నుంచి తరగతి గదిలోనే కూర్చుంటాడు. “వానికి ఆటల మీద ఇంట్రెస్ట్ లేదు” అని మీరు తేల్చేస్తారు.

ఇంట్రెస్ట్ లేదా, లేకుండా చేశామా?

ఆడపిల్లల గురించి వేరే చెప్పాలా? ఎనిమిదో తరగతి దాటాక వాళ్లలో ఎంతమంది మైదానంలో కనిపిస్తున్నారు? చెట్టు కింద గుంపుగా కూర్చుని మగపిల్లల ఆట చూస్తారు. లేచి ఉరికితే గోడ మీద నుంచి కూతలు. బట్టలు మార్చుకునే గది ఉండదు. నెలసరి రోజుల్లో ఎవరికి చెప్పాలో తెలియదు. ఖోఖోలో మెరుపులా తిరిగే పిల్ల రెండేళ్లలో చున్నీ సర్దుకుంటూ కూర్చోవడం నేర్చుకుందంటే, అది ఆ పిల్ల స్వభావం కాదు.

ఇంకొకటి. హోంవర్కు చేయకపోతే గ్రౌండ్ చుట్టూ ఐదు రౌండ్లు. ఆలస్యంగా వస్తే గుంజీలు. అల్లరి చేస్తే ‘ఈ వారం నీకు ఆటల్లేవు’. ఉరకడమూ శిక్షే, ఉరకనివ్వకపోవడమూ శిక్షే అయితే పిల్లవాడికి ఆట ఇష్టం ఎలా అవుతుంది? శారీరక దండన, మానసిక వేధింపు రెండూ కూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. మండుటెండలో రౌండ్లు కొట్టించడం దాని కిందికి రాదని మీరు ఎలా అనుకుంటున్నారు?

అమెరికాలో ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి ఒక పనిని తనంతట తాను ఎందుకు చేస్తాడో దశాబ్దాల పాటు పరిశీలించారు. వాళ్లు చెప్పింది మన పిల్లలకు అక్షరాలా వర్తిస్తుంది. చేసే పనిలో తన ఇష్టానికి కొంత తావుండాలి. చేయగలుగుతున్నానన్న నమ్మకం రావాలి. తోటివాళ్లు తనను తమలో ఒకడిగా చూడాలి. ఈ మూడూ ఉన్న చోటికి పిల్లవాడు పిలవకుండానే వస్తాడు. భయానికో, మార్కులకో, సారు మెప్పుకో ఆడేవాడు ఆ భయం, ఆ మెప్పు లేని రోజు ఆట మానేస్తాడు. ఇదే ర్యాన్ తన సహచరులతో కలిసి 2006లో వీడియో గేమ్స్ మీద ఒక అధ్యయనం చేశాడు. ఆటగాళ్లకు గేమ్‌లో ఆనందం కలగడానికీ, మళ్లీ మళ్లీ ఆడాలనిపించడానికీ కారణం వెతికితే, ఆ మూడు అవసరాలే బయటపడ్డాయి.

ఇప్పుడు కిరాణా దుకాణం ముందు అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లవాడి పక్కన ఓ పావుగంట కూర్చోండి. వాడు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడుతుంటాడు. ఓడిపోతాడు. ఎవరూ ‘ఛీ’ అనకముందే మళ్లీ మొదలుపెట్టే బటన్ వస్తుంది. నిన్నటి కంటే ఈ రోజు ఒక మెట్టు పైన ఉన్నానని తెర మీద కనిపిస్తుంది. ఏ తుపాకీ తీసుకోవాలో, ఎక్కడ దిగాలో తానే తేల్చుకుంటాడు. స్క్వాడ్‌కు నలుగురు కావాలి కాబట్టి “రారా, నీ కోసమే ఆగినం” అని పిలుపు వస్తుంది. పొద్దున మైదానంలో “మాకొద్దు” అనిపించుకున్న పిల్లవాడికి సాయంత్రం ఆ పిలుపు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. మీ పీరియడ్ వాడికి ఇవ్వని మూడింటినీ ఆ ఫోన్ ఇస్తోంది. వాడి పక్కన పాఠాలు బాగా చదివే పిల్లలు, ఆటల్లో మెడల్స్ తెచ్చిన పిల్లలు కూడా కూర్చుని ఆడుతుంటారు, నిజమే. ఫోన్‌లో ఆడే ప్రతి పిల్లవాడూ గాయపడ్డవాడని నేను అనడం లేదు. అయితే వాళ్లు అమ్మ పిలిస్తే లేచి వెళ్లిపోతారు, వాళ్లకు వెళ్లడానికి వేరే చోటు ఉంది. వేరే చోటు లేనివాడు లేవడు.

ఆ గేమ్ వాడిని కాపాడుతుందా అంటే, అదీ లేదు. బడిలో సతాయించినవాళ్లే అందులోకీ వస్తారు. ‘నూబ్’ (ఆట రానివాడు) అంటూ మైకులో బూతులు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ల ఐడీ, పాస్‌వర్డ్ లాక్కోవడం. గేమ్‌లో డబ్బుతో దొరికే డైమండ్లు కొనిపెట్టకపోతే ఆటగాళ్ల జట్టైన గిల్డ్‌లోంచి తీసేస్తామని బెదిరించడం, ఆ భయానికి పిల్లవాడు నాన్న ఫోన్‌పే పిన్ తెలుసుకోవడం. రాత్రి వాట్సాప్ గ్రూపులో వాడి మాటల రికార్డింగ్ పెట్టి నవ్వుకోవడం, తెల్లారి తరగతిలో దాన్నే అనుకరించి ఏడిపించడం. మైదానంలో దెబ్బతిన్న పిల్లవాడు కొన్నిసార్లు ఇక్కడ తనకంటే చిన్నవాడి మీద పెత్తనం చేస్తాడు. తనకు జరిగిందే వాడికి చేస్తాడు. ఈ ఫిర్యాదుతో ఎవరైనా తల్లి మీ గది ముందుకొస్తే “అది బయట జరిగింది, మాకు సంబంధం లేదు” అంటున్నారు. ఏడిపించినవాళ్లూ, ఏడ్చినవాడూ మీ తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లే. సంబంధం ఎలా లేకుండా పోతుంది?

“ఫోన్లు గుంజుకుంటే సరి” అన్న మాట కూడా వింటున్నాను. 2020 సెప్టెంబరు 2న పబ్జీని కేంద్రం నిషేధించింది. పిల్లలు ఫ్రీ ఫైర్‌కు మారారు. 2022 ఫిబ్రవరిలో దాన్నీ నిషేధించారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి దాటాక ఆన్‌లైన్ గేమ్స్ ఆడకుండా చట్టం తెచ్చి, పదేళ్ల తర్వాత తనే ఎత్తేసుకుంది. చైనా 2021లో పిల్లలకు వారానికి మూడు గంటలే అని గీత గీసింది. గీతలు అవసరమే కావచ్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఒక చోటి నుంచి లాగేసిన పిల్లవాణ్ని ఏ చోట కూర్చోబెడతారో చెప్పకుండా ఫోన్ ఒక్కటి గుంజుకుంటే వాడు ఎక్కడికి పోవాలి? ఈ ఫోన్ వాడి చేతికి ఎలా వచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పాఠాలు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చాయి. టీవీ లేని ఇంట్లో అప్పు చేసి ఫోన్ కొన్నారు. హోంవర్కు వాట్సాప్‌లోకి వెళ్లింది. చాలా బడుల్లో ఈనాటికీ అక్కడే ఉంది. సాయంత్రం ఏడింటికి గ్రూపులో హోంవర్కు పెట్టి, ఎనిమిదింటికి ఫోన్ ముట్టనివ్వొద్దని తల్లికి చెప్పడం న్యాయమేనా?

నిజంగా జబ్బు దాకా పోయిన పిల్లలు లేకపోలేదు. తిండి, నిద్ర, చదువు, స్నేహాలు అన్నీ వదిలేసి నెలల తరబడి వీడియో గేమ్‌లోనే ఉండిపోయే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల జాబితాలో చేర్చింది. 2022 నుంచి అది అమల్లో ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికోసం ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. ఈ నెంబరు, పిల్లల సహాయానికి 1098, మీ నోటీసు బోర్డు మీద ఉన్నాయా? అలాంటి పిల్లవాణ్ని ప్రార్థన సమయంలో ముందుకు పిలిచి ‘పబ్జీ గాడు’ అని అందరి ముందు నవ్వులపాలు చేయడం వైద్యం కాదు. అది ఇంకో వేధింపు.

వేధింపు మీద మన బడుల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయింది: పిల్లలన్నాక కొట్టుకుంటరు, మళ్ల కలుస్తరు. ఇద్దరు సమానులు కొట్టుకుంటే ఆ మాట నిజమే. ఒకే పిల్లవాణ్ని, ఎదురు తిరగలేనివాణ్ని, పదేపదే, కావాలని బాధపెట్టడం వేరు. ఈ తేడాను మొదట స్పష్టంగా చెప్పినవాడు నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్. ఆ దేశంలో ముగ్గురు కుర్రాళ్లు ఇలాంటి వేధింపుల వల్లే ప్రాణాలు తీసుకున్నారన్న వార్త కలకలం రేపాక, 1983లో ప్రభుత్వం బడులన్నిటా దీనిపై ప్రచారం మొదలుపెట్టింది. బెర్గెన్ బడుల్లో రెండేళ్లలో వేధింపులు సగానికి సగం తగ్గాయని ఓల్వేయస్ చెప్పాడు. వాళ్లు చేసినవి పెద్ద ఖర్చు పనులు కావు. విరామం వేళ పెద్దవాళ్లు ఎవరో ఒకరు పిల్లల మధ్య తిరగడం, తరగతిలో పిల్లలతో కలిసి నియమాలు పెట్టుకోవడం, ఏడిపించినవాడి ఇంటివాళ్లతో, ఏడ్చినవాడి ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం. ఇందులో ఏది మన బడిలో కుదరదు?

మన తెలంగాణ పిల్ల సంగతి చెప్తాను. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన జీవాంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లో కోతి అన్నారు, పిచ్చిది అన్నారు. ఆ మాటలు పడలేక ఏడ్చేదని ఆమె తల్లిదండ్రులే పత్రికలకు చెప్పారు. మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ పిల్లను బడిలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు గమనించాడు. ఉరుకుతుంటే చూశాడు. అక్కణ్నుంచి కోచ్ నాగపురి రమేశ్ చేతికి వచ్చింది. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం. ఆమెకు పతకం వచ్చాక మీ బడుల్లోనూ అభినందనలు చెప్పే ఉంటారు. చిన్నప్పటి దీప్తిలాంటి పిల్ల ఈ రోజు మీ మైదానంలో ఉంటే ఏ వరుసలో ఉంటుంది? టీము పంపకాల్లో చివర మిగిలినవాళ్లలోనే కదా? అందరికీ పతకాలు రావు, రానక్కర్లేదు. రోజూ గంటసేపు ఎవరూ వెక్కిరించకుండా ఉరికే హక్కు మాత్రం అందరికీ ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయులారా, మీ కష్టం తెలియక రాయడం లేదు. ప్రార్థనలో వరుసలు కట్టించడం, గేటు దగ్గర కాపలా, భోజనాల దగ్గర పర్యవేక్షణ, బడి మొత్తానికి బెత్తం పట్టే పని మీకే అప్పగించారు. మండల పోటీలకు, పాఠశాలల క్రీడా సమాఖ్య ఎస్‌జీఎఫ్‌కు పన్నెండు మందిని తయారు చేస్తే చాలు, మీ పేరు నిలుస్తుంది. మిగతా మూడు వందల మందిని ఆడించినందుకు మిమ్మల్ని పిలిచి శాలువా కప్పినవాళ్లు ఎవరూ లేరు. ప్రధానోపాధ్యాయులారా, కరస్పాండెంట్లారా, ఆ శాలువా కప్పాల్సింది మీరు. ఆయన చేతిలోని బెత్తం తీసి బంతి పెట్టాల్సిందీ మీరే.

నేను అడుగుతున్నవి మీ అధికారంలో ఉన్నవే. పదో తరగతికైనా సరే, మార్చి పరీక్షల దాకా ఆటల పీరియడ్ ముట్టుకోవద్దు. టీములు పిల్లల చేత ఎంపిక చేయించడం ఈ వారంతో ఆపండి. హాజరు పట్టీ వరుసలో అంకెలు చెప్పించి పంచండి, వారం వారం మార్చండి. కబడ్డీ రానివాడికి తొక్కుడుబిళ్ల, ఏడు పెంకులు, తాడాట, పరుగు, ఏదో ఒకటి ఎంచుకునే వీలు ఇవ్వండి. ఆడపిల్లలకు వారంలో కొన్ని పీరియడ్లు మైదానం మొత్తం వదలండి, ఒక టీచరమ్మను తోడు ఉంచండి. ఆటను శిక్షగా వాడొద్దు, శిక్షగా ఆట ఆపొద్దు. ఏడిపించారని పిల్లవాడు చెప్తే రాసుకోవడానికి ఒక పుస్తకం, వినడానికి పిల్లలకు భయం లేని ఒక టీచరు ఉండాలి. ఫోన్‌లో జరిగినదైనా సరే రాయండి.

సాయంత్రం బడి గేటుకు తాళం వేయడం మీద మళ్లీ ఆలోచించాలి. 2022 జూన్‌లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. చాలాచోట్ల పేరు రాసిన బోర్డు నిలబడి ఉంది, వెనక సర్కారు తుమ్మ మొలిచింది. ఊరికి దూరంగా గుట్ట పక్కన ఉన్న ఆ జాగాకు ఏడో తరగతి పిల్ల ఒంటరిగా ఎలా పోతుంది? మీ బడి ఊరి నడుమ ఉంది. గోడ ఉంది, బోరు ఉంది, చెట్టు ఉంది. చీకటి పడేదాకా తెరిచి ఉంచండి. ఎవరు చూసుకుంటారని అడుగుతారేమో. ఊళ్లో ఒకప్పుడు కబడ్డీ, వాలీబాల్ ఆడిన మనుషులు ఉన్నారు, పిలిస్తే వస్తారు. మేం తల్లిదండ్రులం వంతులు వేసుకుంటాం. తాళం చెవి ఇచ్చే నిర్ణయం మాత్రం మీదే.

వచ్చే తల్లిదండ్రుల సమావేశానికి ఈ లేఖ ప్రతులు పట్టుకుని వస్తాం. మార్కుల జాబితా చూపించే ముందు మూడు సంగతులు చెప్పమని అడుగుతాం: పోయిన నెలలో ఏ తరగతికి ఎన్ని ఆటల పీరియడ్లు నిజంగా జరిగాయి, వాటిలో ఒక్కసారి కూడా కోర్టులోకి దిగని పిల్లలు ఎవరెవరు, ఎందుకు దిగలేదు. మూడో ప్రశ్నకు జవాబు ఆ పిల్లల్నే పక్కకు పిలిచి, మెల్లగా అడిగి తెలుసుకుని రావాలని మా విన్నపం.

ఇట్లు,
రామన్నపేట నుంచి
బడిపిల్లల తండ్రి ఒకరు